ఆరు డాలర్ల పులిహోర: ఉగాది సభలో మాట్లాడిన మాటలు

అందరికీ ఉగాది శుభాకాంక్షలండీ. పెద్దలకి నమస్కారం. పొద్దున ఐదింటికే వచ్చి మామిడాకులు కట్టిన తమ్ముళ్ళకి, వేపపువ్వు కోసం మూడు స్టోర్లు తిరిగి చివరికి ఎవరింట్లోనో ఫ్రీజర్లో దాచింది సంపాదించిన వదినలకి, ఇందాక డాన్స్ చేసిన పిల్లలకి, వాళ్ళకి జడలేసిన అమ్మలకి, ఇంకా ఎవర్నైనా మర్చిపోతే క్షమించండి, అందరికీ థాంక్స్. పంచాంగ శ్రవణం ఆలస్యమైంది కాబట్టి నా ఇరవై నిమిషాలు పదిహేను చేశారు, ఫర్వాలేదు.

నాకిచ్చిన టాపిక్ "కాలేజీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్‌లు, పేరెంట్స్ తెలుసుకోవాల్సినవి". స్లైడ్లు కూడా చేసుకొచ్చా. కానీ ఇందాక బయట కాఫీ దగ్గర ఒక పెద్దాయన, మా నాన్నగారి వయసుంటుంది, నన్నాపి "ఏం బాబూ, ఫ్రీగా చదువు చెప్తున్నారు, మళ్ళీ డబ్బులు కూడా ఇవ్వాలా ఆటలాడే పిల్లలకి, చెడిపోరూ?" అనడిగారు. ఆయన తప్పుగా ఏం అడగలేదు, మనలో చాలామందికి ఉన్న డౌటే. కానీ ఆ మాట విన్నప్పట్నుంచి నా మనసు స్లైడ్ల మీద లేదు, పందొమ్మిదేళ్ళ కిందటి ఒక రాత్రి మీదకి వెళ్ళిపోయింది. అది చెప్పేసి స్లైడ్లకొస్తా.

నేను ఎంఎస్‌కి వచ్చింది 2006లో. యూనివర్సిటీ పేరు చెప్పను. అందరిలాగే ఆన్-క్యాంపస్ జాబ్ కోసం తిరుగుతుంటే అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి స్టాటిస్టిక్స్ ట్యూటర్ కావాలన్నారు, గంటకి 9 డాలర్లు, వారానికి 20 గంటలు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి... చూశారా, సగం హాలు. ఆ 20 గంటలంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. గంట ఎక్కువ చేస్తే వీసా పోతుందేమో అని నిద్రలో కూడా లెక్కేసుకునే రోజులు అవి.

నాకు అప్పగించిన వాళ్ళలో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాడు, రన్నింగ్ బ్యాక్, అంటే బాల్ చంకలో పెట్టుకుని ఎదురుగా కొండల్లాంటి మనుషులున్నా సందు చూసుకుని దూరిపోయేవాడు. జెర్సీ నంబర్ 24. పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఒక మనిషి పేరు ఆ మనిషి సొంతం అని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డా, వాడినడక్కుండా నేనే వాడెయ్యడం న్యాయం కాదు. 24 అనే అంటా. వాళ్ళమ్మ నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేసేది, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు వీడే. వాడికి స్టాండర్డ్ డీవియేషన్ ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఒకరోజు వాడి ప్రతి మ్యాచ్ గజాల లెక్క రాసి, 112, 38, 94, 41, "చూడు, నీ యావరేజ్ ఇది, ఒక్కో వారం దానికి నువ్వు ఎంత దూరంలో ఉన్నావో చూడు, అదే డీవియేషన్" అన్నా. వాడు కాసేపు కాగితం చూసి, ఇదేనా అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి మాకు స్నేహం.

ఇప్పుడు చెప్పే రాత్రి అక్టోబర్‌లో. ప్రాక్టీస్ అయ్యి, ఐస్ పెట్టించుకుని, వీడియో మీటింగ్ అయ్యి వాడు స్టడీ హాల్‌కి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది, డైనింగ్ హాల్ మూసేశారు. వాడు తల టేబుల్ మీద పెట్టేశాడు. నా బ్యాగులో నా రాత్రి భోజనం ఉంది, పులిహోర. అమ్మ తెనాలి నుంచి సూట్‌కేసులో మూడు కవర్లు చుట్టి పంపిన పులిహోర పేస్ట్, చిన్న గిన్నెడు అన్నం, పైన వేరుశనగ పప్పులు. డబ్బా మూత తీశానో లేదో ఇంగువ వాసనకి వాడు తలెత్తాడు. పసుపు రంగు అన్నం ఏంటి అన్నాడు. తిను అని సగం పెట్టా. స్పూన్ వేసిన మొదటిసారే ఎండుమిరపకాయ మొత్తం నమిలేశాడు, కళ్ళమ్మట నీళ్ళు, నవ్వుతున్నాడు, ఆపట్లేదు. నా సగం కూడా జరిపేశా. డబ్బా అంచుకి అంటుకున్న పప్పులు కూడా వేలితో తీసుకుని తిన్నాడు. తర్వాత గంటన్నర కూర్చుని హోంవర్క్ మొత్తం వాడే చేశాడు.

ప్రతి సెషన్ తర్వాత ట్యూటర్ ఒక లాగ్ రాయాలి. నేను కొత్త, పైగా మనకి ఏదడిగితే అది నిజం రాసెయ్యడం అలవాటు. "విద్యార్థి ఆకలితో ఉన్నాడు, నా ఫుడ్ షేర్ చేశాను, తర్వాత చాలా బాగా చదివాడు" అని రాశా. మంచి పని చేశా అనుకుని రాశానండీ. ఇప్పటికీ ఆ వాక్యం నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

మూడోరోజు కంప్లయన్స్ ఆఫీస్, అంటే ఆటల రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసే ఆఫీస్, నుంచి పిలుపు. అక్కడున్నావిడ మంచావిడే, గొంతు కూడా పెంచలేదు, ఫైల్ తెరిచి "ఈ పదార్థం మార్కెట్ ధర ఎంతుంటుంది?" అనడిగింది. నాకు అర్థం కాలేదు. అమ్మ చేసిన పులిహోరకి ధర ఏంటి? ఇండియన్ రెస్టారెంట్ గంటన్నర దూరంలో ఉంది, అక్కడ అసలు పులిహోరే దొరకదు. చివరికి వాళ్ళే ఏదో రైస్ ఐటెం చూసి 6 డాలర్లు అని రాసుకున్నారు. యూనివర్సిటీ ఉద్యోగి ఆటగాడికి మిగతా స్టూడెంట్లకి దొరకనిది ఏదిచ్చినా ఎక్స్‌ట్రా బెనిఫిట్, వయొలేషన్. వాడు ఆ 6 డాలర్లు ఏదైనా చారిటీకి కట్టి రసీదు తెచ్చేదాకా రికార్డు తెరిచే ఉంటుంది అన్నారు. తప్పు నాది, నేను కడతానన్నా. అది ఇంకో వయొలేషన్ అవుతుందన్నారు.

అది శుక్రవారం. మర్నాడు శనివారం స్టేడియంలో అరవై వేలమంది పైనే. నడుచుకుంటూ వెళ్తుంటే బుక్‌స్టోర్ అద్దాల్లో బొమ్మలకి వరసగా 24 నంబర్ జెర్సీలు తొడిగి పెట్టారు, ఒక్కోటి 60 డాలర్లు. వెనకాల పేరుండదు, నంబరే. ఆ నంబర్ ఎవరిదో అరవై వేలమందికీ తెలుసు. ఆ జెర్సీల డబ్బులో వాడికి పైసా లేదు, కానీ వాడు నా అన్నానికి 6 డాలర్లు బాకీ.

నన్ను ట్యూటర్ పని నుంచి తీసి పేపర్లు దిద్దే పనిలో వేశారు. నాకు జీతం పోలేదు. నేను తట్టుకోలేకపోయింది వేరే. తర్వాత ఎదురుపడితే వాడు నన్ను చూసి భయపడి పక్కకి తప్పుకున్నాడు. నాతో మాట్లాడితే కూడా ఏదైనా రాస్తారేమో అని.

ఇదేదో ఒక్క యూనివర్సిటీ పిచ్చి అనుకోకండి, దేశమంతా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ రూల్ పుస్తకమే అట్లా ఉండేది. అప్పట్లో ఆటగాళ్ళకి బేగెల్, అదే మధ్యలో చిల్లుండే గుండ్రటి బ్రెడ్, పెట్టొచ్చు, దాని మీద క్రీమ్ చీజ్ రాస్తే అది "భోజనం" అయిపోతుంది, పెట్టకూడదు. 2014లో బయటికొచ్చిన సంగతి, ఓక్లహోమాలో ముగ్గురు ఆటగాళ్ళు ఒక విందులో పాస్తా ఎక్కువ తిన్నారని ఒక్కొక్కళ్ళు 3 డాలర్ల 83 సెంట్లు చారిటీకి కట్టాల్సొచ్చింది, ఆ యూనివర్సిటీయే రిపోర్ట్ చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కనెక్టికట్ టీం బాస్కెట్‌బాల్ ఛాంపియన్ అయినప్పుడు ఆ టీం స్టార్ షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటా అని మీడియా ముందే చెప్పాడు. అది దేశమంతా మోగాక, దాదాపు వారానికే ఎన్‌సీఏఏ భోజనాల మీద ఆంక్షలు తీసేస్తామంది. ఆ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ టీవీ హక్కులకి 2010లో 14 ఏళ్ళకి 1,080 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకున్న సంస్థ అది. ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టుకోండి, నేనింకేం అనను.

సరే పెద్దాయన ప్రశ్నకొస్తా. బాబాయిగారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు, మిమ్మల్ని తప్పుపట్టట్లేదండీ, నా మాట వినండి. ఫ్రీ చదువు అన్నారు. మా 24కి సీజన్లో వారానికి 20 గంటలే ఆట అని రూలు. నాకూ 20, వాడికీ 20. కానీ నా 20 అంటే 20. వాడి 20లో ప్రయాణాలు లెక్కలోకి రావు, మ్యాచ్ రోజు పొద్దున్నించి రాత్రిదాకా అయినా 3 గంటలే లెక్క. కాబట్టి ఫ్రీ కాదు బాబాయిగారూ, ఒంటితో కట్టిన ఫీజు అది. ఇంకో మాట, అదే క్యాంపస్‌లో మ్యూజిక్ స్కాలర్‌షిప్ మీద చదివే అమ్మాయి ఊళ్ళో కచేరీ చేసి డబ్బు తీసుకుంటే ఎవరూ ఏమనరు, చప్పట్లు కొడతారు. మన పిల్ల కూచిపూడి ప్రోగ్రాం ఇచ్చి పారితోషికం తీసుకుంటే చదువు చెడిపోయిందని మనం అంటామా? అనం కదా. మరి ఆటగాడు సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే ఎందుకు నేరం? 2014లో జార్జియాకి ఆడే టాడ్ గర్లీని ఆటోగ్రాఫ్‌లకి డబ్బు తీసుకున్నాడని 4 మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టారు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడాలో ఒక కిక్కర్, డొనాల్డ్ డెలాహే, సొంత యూట్యూబ్ ఛానెల్ మీద డబ్బొస్తోందని ఆటకే దూరం చేశారు. వాడి మొహం, వాడి ఫోన్, వాడి వీడియో!

అసలు ఈ "స్టూడెంట్-అథ్లెట్" అనే మాట ఎక్కడ్నించి వచ్చిందో తెలుసా? 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ అనే చిన్న కాలేజీకి ఆడుతూ రే డెనిసన్ అనే అతను తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య, పిల్లలు మిగిలారు. పనిలో చనిపోయిన మనిషికి ఇచ్చే నష్టపరిహారం ఇవ్వండి అని ఆవిడ అడిగింది. 1957లో కొలరాడో సుప్రీం కోర్టు, ఆయన ఉద్యోగి కాదు, కాలేజీకి ఫుట్‌బాల్ వ్యాపారం కాదు, ఇవ్వక్కర్లేదంది. ఇట్లాంటి పరిహారం కేసులు చూసి భయపడే ఎన్‌సీఏఏ ఆ మాట తయారుచేసి అందరిచేతా అదే వాడించింది, అప్పట్లో దాన్ని నడిపిన వాల్టర్ బైయర్సే తర్వాత ఆ సంగతి రాసుకున్నాడు. అంటే మనం గౌరవంగా అనుకుంటున్న ఆ మాట ఒక వితంతువుకి డబ్బు ఎగ్గొట్టే రోజుల్లో పుట్టింది. పిల్లల అప్లికేషన్లలో ఆ మాట చూసినప్పుడల్లా నాకావిడే గుర్తొస్తుంది.

సరే, టైమ్ అంటున్నారు, ఇంకొంచెం. పిల్లలు భోజనాల లైన్లోకి వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళు దయచేసి కూర్చోండి, మీకోసమే చెప్తున్నా.

తన పేరు, బొమ్మ, పోలిక మీద ఆటగాడు డబ్బు సంపాదించుకునే హక్కు, ఎన్‌ఐఎల్ అంటే ఇదే. ఇందులో పోలిక దగ్గరే అసలు యుద్ధం మొదలైంది. ఎడ్ ఓబానన్ అని, 1995లో యూసీఎల్ఏ యూనివర్సిటీని బాస్కెట్‌బాల్ ఛాంపియన్ చేసిన ఆటగాడు. ఆట అయిపోయాక లాస్ వేగస్ దగ్గర కార్లు అమ్ముకుంటున్నాడు. ఒకరోజు ఫ్రెండ్ ఇంట్లో వీడియో గేమ్‌లో తనని తనే చూసుకున్నాడు. నంబర్ 31, గుండు, ఎడమచేతి వాటం, అన్నీ అతనే, పేరొక్కటే లేదు. ఎవరూ అతన్ని అడగలేదు, రూపాయి ఇవ్వలేదు. 2009లో కేసు వేశాడు, 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ అతనివైపు తీర్పిచ్చింది.

ఆ కేసు గురించి చదివినరోజు నేను కుర్చీలోంచి లేచిపోయా. ఎందుకంటే మా అపార్ట్‌మెంట్లో, నలుగురం ఉండేవాళ్ళం, ఒక రూమ్మేట్ సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ కొంటే దాంతోపాటు కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ డిస్క్ వచ్చింది. మాకు క్రికెట్ కావాలి, దొరికింది ఇది. మా యూనివర్సిటీ టీం పెట్టి చూస్తే 24 ఉన్నాడు. అదే ఎత్తు, అదే బరువు, ఎడమ మోచేతికి అదే తెల్ల బ్యాండ్. మోకాలి కింద సాక్స్ ఒకటి పైకి ఒకటి కిందకి వేసుకుంటాడు వాడు, అది మాత్రం పెట్టలేదు. పేరు దగ్గర ఖాళీ. మేం నలుగురం రాత్రి రెండింటిదాకా వాడితో ఆడేవాళ్ళం. వాడు గేమ్‌లో ఎన్నిసార్లు పడ్డా లేచేవాడు.

అసలు 24 మోకాలు మూడో ఏడాది విరిగింది. అప్పట్లో స్కాలర్‌షిప్ ఏడాదికేడాది రెన్యువల్. వాడిది రెన్యూ అవలేదు. సామాన్లు రెండు చెత్త సంచుల్లో సర్దుకుని బస్సెక్కాడు, నేను బస్టాండ్‌కి వెళ్ళా, అప్పటికి నన్నాపే రూల్ లేదు కాబట్టి పులిహోర పట్టుకెళ్ళా. వాడు డబ్బా తీసుకుని "ఇది ఎంత?" అన్నాడు. ఇద్దరం నవ్వలేకపోయాం.

క్షమించండి. నీళ్ళు ఇవ్వమ్మా కొంచెం.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది, ఆటగాళ్ళకి చదువు కోసం ఇచ్చే సాయం మీద పరిమితుల గురించిన ఆల్‌స్టన్ కేసులో 2021 జూన్ 21న సుప్రీం కోర్టు తొమ్మిదిమందికి తొమ్మిదిమందీ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు, పదిరోజులకి, జులై 1న, పేరు అమ్ముకోవడం తప్పు కాదని ఎన్‌సీఏఏ తలొంచింది. మొదటిరోజే ఫ్రెస్నో స్టేట్‌లో బాస్కెట్‌బాల్ ఆడే కవల అక్కచెల్లెళ్ళు, కేవిండర్లు, ఒక మొబైల్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటే టైమ్స్ స్క్వేర్లో బోర్డెక్కింది. 2025 జూన్ 6న, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని అదే జడ్జి విల్కెన్ ఆమోదించింది. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో 280 కోట్ల డాలర్ల దాకా, మొదటి ఏడాది, అంటే 2025-26లో, ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్ళకి 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచొచ్చు.

అంతా బాగుందా అంటే లేదు, నేను అబద్ధం చెప్పను. ధనవంతులైన అభిమానులు కలెక్టివ్ అని పెట్టి, పేరుకి ఎన్‌ఐఎల్ అని, నిజానికి మా టీంకి రా అని డబ్బు పోశారు, దాన్ని జీతం అంటే సరిపోయేది. పాత ఆటగాళ్ళకిచ్చే ఆ 280 కోట్లలో కూడా ఎక్కువ భాగం ఫుట్‌బాల్, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కే కేటాయించారు, ఆడపిల్లల సంగతి ఇంకా తేలాలి. అయినా సరే, తన మొహం మీద తనకి హక్కు లేని రోజులకన్నా ఇదే నయం, వంద రెట్లు నయం.

కానీ ఇందాక చేతులెత్తారే, మీకొకటి చెప్పాలి. ఎఫ్-1 మీద ఉన్న పిల్లలకి ఈ తలుపు ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. పర్డ్యూ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ, కెనడా కుర్రాడు, ఏడడుగుల నాలుగంగుళాలు, 2023, 2024 రెండేళ్ళూ దేశంలో బెస్ట్ ప్లేయర్, వీసా వల్ల పక్కనున్న అమెరికన్ కుర్రాడిలా డీల్స్ చేసుకోలేకపోయాడు. కెంటకీకి ఆడిన కాంగో కుర్రాడు ఆస్కర్ చీబ్వే 2022లో టీంతో బహమాస్ వెళ్ళినప్పుడు అక్కడ ఆ యాడ్ పనులు చేసుకున్నాడు, ఎందుకంటే అమెరికా నేల మీద చేస్తే అది "పని". మన విశాఖ సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడాడు, తర్వాత సానియాతో కలిసి 2014 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టాడు. అట్లాంటి పిల్లాడు ఇవాళ విశాఖ నుంచి ఎఫ్-1 మీద వస్తే, పక్క కోర్టులో ఆడే వాడికి ర్యాకెట్ కంపెనీ డబ్బులిస్తుంది, వీడు నోరుమూసుకుని చూడాలి. ఇది మన సమస్య. హెచ్-1 గురించి మాట్లాడినంత గట్టిగా దీని గురించి కూడా మన సంఘాలు మాట్లాడాలి, స్టేజీ మీదున్న పెద్దలు ఇది రాసుకోండి.

ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ అడ్డంకి లేదు. నెల్లూరు మూలాలున్న మన నిశేష్ బసవరెడ్డి, ఇండియానాలో పెరిగి స్టాన్‌ఫర్డ్‌కి రెండేళ్ళు ఆడి 2024 డిసెంబర్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు, నెల తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. ఆ రోజు మన ఇళ్ళల్లో ఎంతమంది నిద్రపోలేదో నాకు తెలుసు.

స్లైడ్లకి టైమ్ లేదు, నోటితోనే చెప్తా. మీ పిల్లకి ఎవరైనా ఒప్పందం తెస్తే, ఊళ్ళో పిజ్జా షాపు వాడైనా సరే, కాగితంలో హక్కులు ఎన్నాళ్ళకి రాశారో చూడండి, "శాశ్వతంగా" అనుంటే పెన్ను కింద పెట్టెయ్యండి. వచ్చేది 1099 ఆదాయం, టాక్స్ ఎవరూ కట్ చెయ్యరు, మనమే తీసి పక్కన పెట్టాలి. టాక్స్ సంగతి వేరు, ఆటల రూల్స్ ప్రకారం 600 డాలర్లు, ఆపైన ఉన్న డీల్ రిపోర్ట్ చెయ్యాలి. ఎఫ్-1 పిల్లలైతే ఒక్క టీ షర్ట్ మీద సంతకం పెట్టేముందు కూడా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, కోచ్‌ని కాదు, లాయర్‌ని.

చివరగా 24 సంగతి అడుగుతారు కాబట్టి. హౌస్ సెటిల్‌మెంట్ 2016 నుంచి ఆడినవాళ్ళకే, వాడికి రాదు. కానీ ఓబానన్ కేసుతోపాటు నడిచిన వీడియో గేమ్ కేసులో పాత ఆటగాళ్ళకి కొంత డబ్బు వచ్చింది. వాడిప్పుడు సొంతూళ్ళో హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తాడు, సాయంత్రం ఫుట్‌బాల్ కోచింగ్. 2016లో ఒకరోజు నాకు ఫోన్‌లో ఫొటో పంపాడు, గేమ్ తాలూకు చెక్. అంకె మీద బొటనవేలు అడ్డం పెట్టాడు, ఎంతో నాకు తెలీదు, నేనడగలేదు. పైన వాడి పేరు మాత్రం కనిపించేట్టు పట్టుకున్నాడు, ఇంటిపేరుతో సహా, మొత్తం.

అంతేనండీ. బాబాయిగారూ, భోజనాల దగ్గర మీ పక్కనే కూర్చుంటా, ఇంకా అడగండి.